కాకిని కూడా రాయండి

దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి పోతూ పాలపిట్టను చూస్తే మంచిదని తెలంగాణలో నమ్మకం. ఒకప్పుడు అందుకు పెద్దగా వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. ఊరు దాటగానే కరెంటు తీగ మీదో, చేను గట్టున తుమ్మ మీదో ఒకటి కూర్చుని ఉండేది. ఎగిరినప్పుడు రెక్కల్లోని నీలం ఒక్కసారిగా విచ్చుకునేది. ఇప్పుడు కొన్నిచోట్ల దాన్ని వల వేసి పట్టి, పంజరంలో పెట్టి, పండగ పూట తిప్పుతున్నారు. చూసినవాళ్లు పదో ఇరవయ్యో ఇస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేరమని తెలిసినవాళ్లు కూడా ఆగి దణ్ణం పెట్టుకుని పోతున్నారంటే, తీగ మీది పిట్ట కోసం వెతికి విసిగిపోయారనుకోవాలి.

'మా చిన్నప్పుడు ఎన్ని ఉండేవో' అనే పెద్దాయన ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆయన మాట నిజమే కావచ్చు. అయితే ఎంత తగ్గాయి? సగమా, పావు వంతా? ఆయన ఊళ్లోనేనా, దేశమంతటానా? 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఈ ప్రశ్నకు ఒక అంకె ఇచ్చింది. దీర్ఘకాలంలో 30 శాతం, ఆపైన తగ్గిన జాతుల్లో పాలపిట్ట ఉంది. ప్రపంచ స్థాయి ముప్పు జాబితాలో 14 జాతుల స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. వాటిలో తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట కూడా ఉంది.

మరి దేశంలోని పాలపిట్టలను ఎవరు లెక్కపెట్టారు? జనాభా లెక్కలవాళ్లు ఇల్లిల్లూ తిరిగినట్టు ఏ శాఖవాళ్లూ చెట్టుచెట్టూ తిరగలేదు. నిజం చెప్పాలంటే పాలపిట్టలను ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది కాగితాలను. అంటే, మామూలు మనుషులు తమ నడకల్లో రాసుకున్న పక్షుల జాబితాలను.

3 కోట్ల నమోదులు

ఆ నివేదిక వెనక 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు ఉన్నారు. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, బడి పంతుళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైనవాళ్లు ఉంటారు. వాళ్లు 'ఈబర్డ్' అనే వేదికలో నమోదు చేసినవి 3 కోట్లకు పైనే. ఈబర్డ్‌ను 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. మన దేశంలో ఆ సమాచారాన్ని 13 సంస్థలు కలిసి విశ్లేషించి 942 జాతుల పరిస్థితిని అంచనా వేశాయి. మూడేళ్ల ముందు, 2020లో వచ్చిన మొదటి నివేదికకు 15,500 మంది, సుమారు కోటి నమోదులే ఆధారం. మూడేళ్లలో మనుషులు రెట్టింపయ్యారు, నమోదులు మూడింతలయ్యాయి.

3 కోట్లను 30,000తో భాగిస్తే తలా వెయ్యి వస్తుంది. సగటు చూసి మోసపోకూడదు. ఇలాంటి పనుల్లో ఎప్పుడూ కొద్దిమందే కొండంత రాస్తారు, మిగతావాళ్లు గుప్పెడు గుప్పెడు వేస్తారు. ఆ గుప్పెడూ పనికొస్తుందా అన్నది తర్వాత చూద్దాం.

ముందు జాబితాలోంచి శాతం ఎలా పుడుతుందో చూడాలి. ఒక చిన్న లెక్క వేసుకుందాం. అంకెలు నేను ఊహించినవి, పద్ధతి మాత్రం నివేదికవాళ్లదే. ఒక జిల్లాలో 2000కు ముందు 100 జాబితాలు ఉన్నాయి, వాటిలో 30 జాబితాల్లో పాలపిట్ట ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత అదే జిల్లా నుంచి 1,000 జాబితాలు వచ్చాయి, 200 జాబితాల్లో పాలపిట్ట ఉంది. పైపైన చూస్తే పాలపిట్ట కనబడిన సందర్భాలు 30 నుంచి 200కు, అంటే ఆరు రెట్లకు పైగా పెరిగాయి. కానీ పెరిగింది పిట్టలు కాదు, పిట్టల్ని చూసే కళ్లు. వంద జాబితాలకు 30 ఉన్నది 20కి దిగింది, అంటే మూడో వంతు తగ్గింది. ఇది దేశంలో ఎన్ని పిట్టలున్నాయో చెప్పదు. ఒక మనిషి బయటికెళితే పిట్ట ఎదురయ్యే అవకాశం ఎలా మారిందో చెబుతుంది. దసరా నాటి మనిషికి కావలసింది కూడా అదే.

పాత కాలపు జాబితాలు ఎక్కడివి? ఈబర్డే 2002లో పుట్టినప్పుడు 2000కు ముందటి సంగతి ఎలా తెలుస్తుంది? దీర్ఘకాలపు ధోరణికి ఆ ముందటి కాలాన్నే కొలమానంగా తీసుకున్నారు. అదంతా పాత డైరీల పుణ్యం. ఎనభైల్లో, తొంభైల్లో దూర్బీను మెడలో వేసుకుని తిరిగినవాళ్లు రోజూ ఏం చూశారో నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ 1980లోనే మొదలైంది. ఆ కాలంవాళ్లు ట్రంకు పెట్టెలు తెరిచి, తేదీ, చోటు, జాబితా ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించారు. రాసేటప్పుడు వాళ్లకు శాతాల ఆలోచనే లేదు. అలవాటు కొద్దీ రాసుకున్నారు.

కాకి ఎందుకు

నేను మొదటిసారి ఒక చెరువు గట్టున రాసిన జాబితాలో పదకొండు పేర్లున్నాయి. నీటికాకి, లకుముకి, నారాయణ పక్షి, రెండు రకాల బాతులు, అన్నీ మంచి మంచి పిట్టలే. పక్కనే ఉన్న అనుభవజ్ఞుడు కాగితం తీసుకుని చూశాడు.

"ఈ చెరువు దగ్గర కాకుల్లేవా అండీ?"

"ఉన్నాయండీ. చాలా ఉన్నాయి."

"గోరువంకలు?"

"అవీ ఉన్నాయి."

"మరి రాయలేదేం? మీరు లేవని రాశారు కదా."

నేనెక్కడ అలా రాశాను అనుకున్నాను. విషయం అర్థమయ్యేసరికి కొంత కాలం పట్టింది. ఈబర్డ్‌లో జాబితా పూర్తి చేశాక చివర ఒక ప్రశ్న ఉంటుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశారా? అవునంటే అది 'పూర్తి జాబితా'. ఆ ఒక్క 'అవును'తో జాబితాలో లేని ప్రతి పక్షికీ అక్కడ సున్నా పడుతుంది. నేను కాకిని వదిలేసి 'అవును' నొక్కి ఉంటే, ఫలానా ఉదయం ఫలానా చెరువు దగ్గర గంటసేపు వెతికినా కాకి కనబడలేదని సాక్ష్యం చెప్పినట్టే. ఇలాంటి దొంగ సాక్ష్యాలు పదివేలు కలిస్తే దేశంలో కాకులు తగ్గిపోయాయని లెక్క తేలుతుంది.

అరుదైన పిట్ట కనబడితే ఎవరైనా రాస్తారు, ఫొటో తీసి నలుగురికీ పంపుతారు. రాయడానికి చేయి రానిది కాకికి, పావురానికి, పికిలిపిట్టకి. పరిశోధకుడికి ముందు కావలసింది మాత్రం ఈ రోజువారీ పిట్టల సంగతే. అవి ఉన్నాయని రాస్తేనే తక్కినవి లేవని నమ్మడానికి ఆధారం దొరుకుతుంది.

ఆ జాబితాకు మరో రెండు అంకెలు తోడు కావాలి: ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు. పదిహేను నిమిషాల్లో ఎనిమిది రకాలు కనబడడం, నాలుగు గంటల్లో ఎనిమిది కనబడడం ఒకటి కాదు. ఒక్కచోట నిలబడి రాశారా, నడుస్తూ రాశారా అన్నదీ చెప్పాలి. ఎన్ని కనబడ్డాయో తెలిస్తే అంకె వేయాలి. వందల కొంగలు ఒకేసారి లేచినప్పుడు ఒక్కొక్కటీ ఎంచలేం. అలాంటప్పుడు ముందు పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో చూసుకుని, ఆ మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో ఎంచుతారు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో చేసే పని ఇదే. మన ఉపఖండంలో అది 1987 నుంచి సాగుతోంది. కొల్లేరులోనో, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులోనో గూడబాతులు చెట్ల నిండా దిగినప్పుడు ఈ పదుల లెక్కే దిక్కు.

పిచ్చుక సంగతి చూస్తే ఈ పద్ధతి ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని, సెల్‌ టవర్లే కారణమని ఫోన్లలో తిరిగే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. 2020 నివేదిక 25 ఏళ్ల జాబితాలు పేర్చి చూసింది. దేశం మొత్తం మీద పిచ్చుక దాదాపు నిలకడగా ఉంది, ఆరు మహానగరాల సమాచారంలో మాత్రం మెల్లగా తగ్గుతోంది. ఆ సందేశం రాసినవాళ్లూ, దాన్ని నమ్మినవాళ్లూ నగరాల్లో ఉన్నారు. తమ కిటికీ దగ్గర లేని పిట్ట దేశంలోనే లేదనుకున్నారు.

204, 98, 36, మిగిలిన 604

నివేదికలో పత్రికలన్నీ ఎత్తుకున్న అంకె 60 శాతం. దాని పుట్టుక ఇది. దీర్ఘకాలపు ధోరణి చెప్పడానికి తగినంత సమాచారం దొరికింది 338 జాతులకు. వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. 204ను 338తో భాగిస్తే 60 శాతం. పెరిగినవాటిలో నెమలి, కోకిల ఉన్నాయి. తగ్గినవాటిలో బీళ్లు, గడ్డి మైదానాలు నమ్ముకున్నవి ఎక్కువ. పురుగులు, గింజలు, మాంసం తినేవాటికి దెబ్బ గట్టిగా తగిలింది. ఏది దొరికితే అది తినేవి, పండ్లు తినేవి వాటికంటే మెరుగ్గా ఉన్నాయి. పాలపిట్ట ఎక్కువగా తినేది పురుగులనే, ఉండేది చేలూ బీళ్ల మధ్యనే.

ఇటీవలి ధోరణి, అంటే 2015 నుంచి 2022 వరకు, 359 జాతులకు చెప్పగలిగారు. 142 తగ్గుతున్నాయి, వాటిలో 64 వేగంగా. 189 నిలకడగా ఉన్నాయి, 28 పెరుగుతున్నాయి. చివరికి 942 జాతుల్లో 178కి సంరక్షణ అవసరం ఎక్కువగా ఉందని తేల్చారు. 2020 నివేదికలో ఈ వరసలో ఉన్నవి 101.

నాకు వీటన్నిటికంటే కలవరం కలిగించే అంకె పత్రికల్లో రాలేదు. 942లోంచి 338 తీసేయండి. మిగిలిన 604 జాతుల దీర్ఘకాలపు సంగతి చెప్పడానికి సరిపడా జాబితాలు లేవు. అవి తగ్గాయో పెరిగాయో ఇరవై ఏళ్ల కిందటి సమాచారం నుంచి ఎవరూ తేల్చలేరు. ఆ కాలం వెళ్లిపోయింది, ఇప్పుడు వెనక్కి వెళ్లి రాయలేం.

సరైన సమయంలో ఎవరో రాసిపెట్టడం వల్ల ఏం జరుగుతుందో రాబందుల కథ చెబుతుంది. 1991-93లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వాహనాల్లో రోడ్ల వెంట వెళుతూ వేటపక్షులన్నిటినీ లెక్కపెట్టారు. అప్పట్లో రాబందులు ఎక్కడబడితే అక్కడ ఉండేవి. కబేళా దగ్గర, ఊరి చివర పశువుల కళేబరాల మీద గుంపులు గుంపులు. వాటిని లెక్కపెట్టడం చూసినవాళ్లు నవ్వి ఉంటారు. 2000లో అవే దారుల్లో మళ్లీ తిరిగారు, ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు తిరిగారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లనడుము రాబందు 99.9 శాతం పడిపోయిందని తేలింది. వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది. పశువులకు నొప్పులకు వేసే డైక్లోఫినాక్ మందే కారణమని 2004లో బయటపడింది. ఆ మందు వేసిన పశువు చచ్చాక ఆ మాంసం తిన్న రాబందు కిడ్నీలు పాడై చనిపోతుంది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశం నిషేధించింది. 1991 లెక్క లేకపోతే 'రాబందులు ఈ మధ్య కనబడడం లేదు' అన్న మాట తప్ప చేతిలో ఇంకేమీ ఉండేది కాదు. ఆ మాట మీద మందుల కంపెనీలు అమ్మకాలు ఆపవు.

86 ఏళ్ల మౌనం

లేదని రాయడం వేరు, ఎవరూ రాయకపోవడం వేరు. ఈ తేడాను కడప జిల్లా కంటే బాగా నేర్పే చోటు లేదు.

కలివికోడి అనే పిట్ట శాస్త్రలోకానికి 1848లో తెలిసింది. జెర్డాన్ అనే సైనిక వైద్యుడి పేరు మీద ఇంగ్లీషులో దానికి పేరు పెట్టారు. 1900లో అనంతపురం వైపు కనబడిన తర్వాత మళ్లీ నమోదు లేదు. 86 ఏళ్లు గడిచాయి. అంతరించిందని చాలామంది నమ్మేశారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందం వెతుకులాటలో, కడప జిల్లాలోని రెడ్డిపల్లె దగ్గర అది దొరికింది. రాత్రి పూట దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు. పుస్తకాల్లో 86 ఏళ్లు లేని పిట్టకు ఊళ్లో మామూలుగా పిలుచుకునే పేరు ఉంది. రాత్రిళ్లు తిరిగే పిట్ట అది, పగలు తిరిగే పక్షిశాస్త్రవేత్తలకు ఎదురుపడలేదు, అంతే. ఊరికి తెలుసు. తెలిసినవాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లకు రాసే అవసరం రాలేదు.

ఆ తర్వాత పరిశోధకులు అక్కడ చేసిన పని చూస్తే, లేదని చెప్పడానికి ఎంత శ్రమ పడాలో తెలుస్తుంది. పొదల మధ్య మట్టిని మెత్తగా చదును చేసి, తెల్లవారి అడుగుజాడలు వెతికారు. రాత్రి కెమెరాలు పెట్టారు. రికార్డు చేసిన కూతను సాయంత్రం చీకటి పడగానే వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. ఎన్ని చోట్ల, ఎన్ని రాత్రులు, ఎంతసేపు అన్నీ రాశారు. తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల వైపు వచ్చినప్పుడు దారి మార్పించగలిగింది ఈ రాతలే. 1988లో ఏర్పాటైన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కూడా ఆ పిట్ట తిరిగి దొరికిన ఫలితమే. కలివికోడి ఇప్పటికీ అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లోనే ఉంది.

తప్పు చీటీ, 100 కిలోమీటర్లు

మౌనం వల్ల 86 ఏళ్లు పోతే, తప్పు చీటీ వల్ల 102 ఏళ్లు పోయాయి. నెమలి నీలంలో మెరిసే ఒక పెద్ద సాలీడు ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తారు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి దాన్ని వర్ణించాడు. అది దొరికింది రైల్వే కలప డిపోలో. తర్వాత వంద ఏళ్లకు పైగా మరొకటి దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనబడింది. గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరం! మొదటి సాలీడు ఆ అడవి కలపతో రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని అంచనా. చీటీ మీద రాసింది దొరికిన చోటు. రాయాల్సింది బతికే చోటు. పాపం ఆ రాసినవాడికి తేడా తెలిసే దారి లేదు.

మన చేతిలో ఇప్పుడు ఫోను ఉంది, అక్షాంశ రేఖాంశాలు తనే రాసుకుంటుంది. ఆ దశాంశాల అర్థం తెలుసుకుంటే మంచిది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఒక దశాంశ స్థానం ఇస్తే 11 కిలోమీటర్లు, అంటే మండలం తెలుస్తుంది. రెండిస్తే 1.1 కిలోమీటరు, ఊరు తెలుస్తుంది. మూడిస్తే 111 మీటర్లు, చెరువు గట్టు. నాలుగిస్తే 11 మీటర్లు, ఫలానా చింతచెట్టు. ఆరు, ఏడు స్థానాలు రాసి ఖచ్చితత్వం అనుకుంటే అది ఉత్త భ్రమ. ఆరుబయట మంచి ఆకాశం కింద మామూలు ఫోను చూపించగలిగేది 5 మీటర్ల మేరకే.

చింతచెట్టు దాకా చెప్పడం అన్నిసార్లూ మంచిది కాదు. ఆ నీలి సాలీడు విదేశాల్లో పెంపుడు జంతువుల బజారులో అమ్ముడుపోతుంది. అది బతికే అడవి మహా అయితే 100 చదరపు కిలోమీటర్లు. నక్షత్ర తాబేలుదీ ఇదే గతి, మన రాయలసీమ చుట్టుపక్కల బీళ్లలో తిరిగే ఈ తాబేలు దొంగ రవాణా ఎంత పెరిగిందంటే 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాల్సి వచ్చింది. అలాంటివాటి ఫొటోను చోటుతో సహా బయటపెట్టడం దొంగకు దారి చూపించడమే. అందుకే ఐనాచురలిస్ట్ అనే వేదిక ముప్పులో ఉన్న జాతుల చోటును బయటివాళ్లకు మసక చేసి చూపిస్తుంది. 0.2 డిగ్రీల గడిలో, అంటే మన దగ్గర సుమారు 22 కిలోమీటర్ల చదరంలో, ఎక్కడో ఒక చుక్క పెడుతుంది. అసలు చోటు లోపల భద్రంగా ఉంటుంది, అర్హులైన పరిశోధకులు అడిగి తీసుకోవచ్చు. ఈబర్డ్ కూడా కొన్ని పక్షుల జాడను ఇలాగే దాస్తుంది. ఇంత చేసినా, అదే ఫొటోను మనం వాట్సాప్ గుంపులో ఊరి పేరుతో సహా పెట్టేస్తే ఆ దాపరికానికి అర్థం లేదు. నా అనుభవంలో జాడ బయటపడేది అక్కడే.

ఎవరు నమ్ముతారు

కొత్తవాళ్లు తప్పులు రాయరా అని అందరూ అడుగుతారు. రాస్తారు. లకుముకి ఎగిరినప్పటి నీలాన్ని చూసి పాలపిట్ట అనుకునేవాళ్లు బోలెడు మంది. పసులపోలిగాడిని దూరం నుంచి చూసి కోకిల అనుకుంటారు. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికి, ప్రతి నెలకు ఏ పక్షి ఎన్ని కనబడవచ్చో ఒక హద్దు ఉంటుంది. మే నెలలో శీతాకాలపు వలస బాతు రాశారో, ఇంటి పెరట్లో 500 గద్దలు రాశారో, యంత్రం ఆపుతుంది. ఆ తర్వాత ఆ ప్రాంతం బాగా తెలిసిన స్వచ్ఛంద సమీక్షకుడు మర్యాదగా ఒక ఉత్తరం రాస్తాడు: ఫొటో ఉందా, ఎలా గుర్తుపట్టారు? మొదటిసారి అలాంటి ఉత్తరం వస్తే చిన్నబుచ్చుకోవడం సహజం. ఐనాచురలిస్ట్ దారి వేరు. 2008లో అమెరికాలోని బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన ఆ వేదికలో ఫొటో గానీ శబ్దం గానీ ఉండాలి, చూసినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు మీద ఏకీభవించాలి. అప్పుడే అది పరిశోధన స్థాయికి చేరుతుంది.

అక్కడి నుంచి ఈ నమోదులు డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ చేరతాయి. జీబిఫ్ అనే ప్రపంచ జీవవైవిధ్య సమాచార కేంద్రం 2001 నుంచి అక్కడ పనిచేస్తోంది. అందులో నమోదులు 300 కోట్లు దాటాయి, సగానికి పైగా పక్షులవే. మ్యూజియంలో దూది కుక్కిన పిట్ట చీటీ అయినా, మన ఫోనులోని సీతాకోకచిలుక ఫొటో అయినా అక్కడ ఒకే మూసలోకి మారుతుంది. ఏ జాతి, ఏ తేదీ, ఏ చోటు, చోటు ఎన్ని మీటర్ల తేడాతో నిజం, ఎవరు చూశారు. 'డార్విన్ కోర్' అనే ఆ మూసను 2009లో ప్రమాణంగా ఆమోదించారు. సమాచారం ఇచ్చేవాళ్లు వాడుక అనుమతిని కూడా ఎంచుకోవాలి. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు, పేరు చెప్పి వాడుకోవచ్చు, పేరు చెప్పి వ్యాపారం కాని పనికి వాడుకోవచ్చు, ఈ మూడింటిలో ఒకటి. 'సర్వహక్కులు నావి' అని పెట్టుకున్న నమోదు ఆ ప్రపంచ ఖజానాకు చేరదు. చాలామందికి తెలియని చిక్కు ఇది, సెట్టింగుల్లో ఒక్క నొక్కుతో తీరిపోతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. ఈబర్డ్ జాబితాలు జీబిఫ్‌కు వెళ్లేటప్పుడు కనబడిన పక్షులు మాత్రమే వెళతాయి. ఎంతసేపు చూశారు, పూర్తి జాబితానా కాదా అన్నవి వెనకే ఉండిపోతాయి. అంటే సున్నాలు పోతాయి. అందుకని ధోరణులు లెక్కగట్టేవాళ్లు ఈబర్డ్ దగ్గరికే వెళ్లి పూర్తి సమాచారం అడిగి తెచ్చుకుంటారు. జీబిఫ్‌ను వాడేది ఎక్కువగా 'ఎక్కడ' అన్న ప్రశ్నకు.

ఆదివారం, తారురోడ్డు

ఈ పద్ధతిలో లోపం లేదని నేననను. జాబితాలు సెలవు రోజుల్లో, నగరాల చుట్టూ, కారు వెళ్లే దారుల వెంట ఎక్కువగా పుడతాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న చెరువుల మీద పడే దూర్బీన్లు ఆదిలాబాద్ అడవి మీద పడవు. విశ్లేషకులు దేశాన్ని గడులుగా కోసి, ఏ గడికీ ఎక్కువ బరువు పడకుండా చూస్తారు. దానికీ హద్దుంది. ఖాళీ గడిలోంచి ఏ గణితమూ పిట్టను లేపలేదు.

దీనికి నేను చూసినంతలో గట్టి మందు కనిపెట్టింది కేరళ. 2015 నుంచి 2020 వరకు వాళ్లు రాష్ట్రమంతటా గడులు గీసి, ఎక్కడ చూడాలో ముందే నిర్ణయించి, ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి మనుషుల్ని పంపారు. నచ్చిన చెరువుకు వెళ్లడం కుదరదు, చీటీలో వచ్చిన గడికే వెళ్లాలి. రబ్బరు తోటైనా, బస్టాండైనా. వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు, 25,000 జాబితాలు, 3 లక్షలకు పైగా నమోదులు, 361 జాతులు. సంఖ్య చూస్తే జాతీయ నివేదిక ముందు ఇది చిన్నది. కానీ ఇందులో ప్రతి గడికీ జవాబుంది. ఇంత పెద్ద కోస్తా, ఇన్ని కొండలు ఉన్న తెలుగు నేల మొత్తానికీ అలాంటి పటం ఒకటి గీయాలని నాకు అత్యాశ.

పులుల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అది ప్రభుత్వ యంత్రాంగం డబ్బుతో, కెమెరాలతో చేసే పని. 2018 గణనకు 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. వాటిలో పులివి 76,651. అంటే సుమారు 455 ఫొటోల్లో ఒకటి. చారలు పోల్చి 2,461 పులులను విడివిడిగా గుర్తించి, మొత్తం 2,967 ఉంటాయని అంచనా వేశారు. ఒక్క జాతికి ఇంత ఖర్చు పెట్టగలం. మిగిలినవాటికి మనమే దిక్కు.

పక్షులు చూసే ఓపిక లేనివాళ్లకు చెట్లున్నాయి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి వారానికోసారి ఒకే చెట్టును చూసి పూత, పిందె, చిగురు రాయమంటోంది. రేల ఎప్పుడు పూసింది, మామిడి ఎప్పుడు పిందె వేసింది అన్నది ఏటేటా రాస్తే వాతావరణంలో వచ్చిన మార్పు అందులో కనబడుతుంది. చెట్టు ఎగిరిపోదు కాబట్టి బడి పిల్లలకు ఇదే సులువు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు కూడా ఉండాలి. మీ ఊరిది అడిగి చూడండి. కలివికోడి పేరు తెలిసిన మనుషులు అందులో మాట్లాడారో లేదో తెలుస్తుంది.

గుప్పెడు రాసేవాళ్ల సంగతి తర్వాత చూద్దామన్నాను. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. అమెరికాలో 1998లో మొదలై, 2013 నుంచి మన దేశంలోనూ సాగుతోంది. అది అడిగేది కనీసం 15 నిమిషాలు. మేడ మీద కుర్చీ వేసుకుని, టీ తాగుతూ రాసినా చాలు. నగరానికి దూరంగా, ఎవరూ రాయని మండలంలో కూర్చుని రాసిన ఒక్క జాబితా ఒక ఖాళీ గడిని నింపుతుంది. అదే రోజు హుస్సేన్‌సాగర్ దగ్గర రాసింది నూటొకటోది అవుతుంది.

మొన్న మా అక్క వాళ్ల ఊళ్లో నేను రాసింది ఇదీ: ఉదయం 6.40, చేను గట్టు, నిలబడి, 20 నిమిషాలు. కాకులు 14. గోరువంకలు 9. పసులపోలిగాళ్లు 3. తెల్లకొంగలు 6. లకుముకి 1. పికిలిపిట్టలు 2. తీగ మీద పాలపిట్ట కోసం ఇంకో ఐదు నిమిషాలు ఆగాను, అవి కూడా కలిపి 25 అని దిద్దాను. అన్ని పక్షులనూ రాశారా అని ఈబర్డ్ అడిగింది. అవునని నొక్కాను.